ఇసుక దాటిన లారీ

బాహుదా నది పెద్ద వరదకు పొంగి, పాత్రపూర్ వైపు ఊళ్లను ముంచి, పోతూపోతూ అమ్మవారి రథాన్ని కూడా పట్టుకుపోయిన ఏడు ఒకటుంది. ఈ సంగతి దానికి పన్నెండో ఏట జరిగింది.

పైడన్నకు లారీ మీద మనసు పడింది ఆ వరద తీస్తున్నప్పుడే. ఏటి ఇసుకలో అతని ఎడ్లు మోకాళ్లదాకా దిగబడి నిలిచిపోయి ఉండగా, బియ్యం బస్తాలతో మిలటరీ లారీ ఒకటి వచ్చింది. వెనక తట్టు చెక్కబల్ల పరిచిన ఆకుపచ్చ లారీ. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా ఇసుకను పట్టుకుని లాగాయి. పిల్లి గోడెక్కినట్టు గట్టెక్కి వెళ్లిపోయింది. అప్పటినుంచి, ఏటి అవతల క్వారీ నుంచి రాయి వేసుకుని ఎడ్లను అదిలిస్తూ వచ్చిన ప్రతిసారీ, పైడన్న ఆ చక్రాల జాడ కోసం చూసేవాడు. ఆ జాడ ఎప్పుడో నీటిలో కలిసిపోయిందని అతనికి తెలుసు. అయినా చూసేవాడు.

అటువంటి లారీయే బరంపురంలో లక్ష్మణరావుగారనే ధాన్యం వర్తకుడు మిలటరీ వేలంలో కొని, గోదాం వెనక నిలబెట్టి మరిచిపోయాడు. పైడన్న మరిచిపోలేదు. బరంపురంలో పనున్నప్పుడు వెళ్లాడు, పని లేనప్పుడూ వెళ్లాడు. బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చేసేవాడు. ఒకనాడు లక్ష్మణరావుగారే జాలిపడి కూర్చోమని ముక్కాలిపీట వేయించాడు.

పైడన్న అసలే మాట పలకని మనిషి. ఈ రాకపోకలు చూసి అతని పెళ్లాం నీలమ్మ తనకు తోచిన అర్థం తాను చెప్పుకుంది. ఓ రోజు అన్నం వడ్డిస్తూ, “ఎవుర్తది?” అని నిలదీసింది.

పైడన్న ముద్ద మింగి ఆలోచించాడు. “పాతదే” అన్నాడు.

ఆ తరువాత చాలా రోజులు కూరలో ఉప్పు లేదు.

చివరికి బేరం కుదిరింది. పైడన్న అనుకున్నది చిన్న సంగతి. పొద్దున్నే లారీ తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తిన్నగా ఏటికి పోయి, ఇసుక దాటి, మధ్యాహ్నానికి మొదటి దఫా రాయి ఇవతలికి చేర్చాలి. ఇల్లు కదిలే ముందు నిమ్మకాయలు, పసుపు, వేపమండలు, ఎర్రగుడ్డ సిద్ధం చెయ్యమని నీలమ్మకు చెప్పాడు. ఎర్రగుడ్డ లారీ వెనక కట్టడానికి. అది మాత్రం చెప్పలేదు.

అది జాతర నెల. రథం వరదలో పోయినప్పటినుంచి ఆ ఊళ్లో అమ్మవారి ఘటాన్ని నెత్తిన పెట్టుకునే తిప్పుతున్నారు. అమ్మవారికి రథం ఇచ్చే మనిషి ఆ మాట పైకి చెప్పకూడదని అక్కడి ఆచారం. పసుపు, ఎర్రగుడ్డ ఇంట్లో సిద్ధం చేయించి, నోరు మెదపకుండా రథాన్ని తెచ్చి నిలబెట్టాలి. పుట్టినప్పటినుంచి మెదపని నోరు పైడన్నది. ఆ ఒక్కరోజు దానికి అర్థం వచ్చిపడింది. నీలమ్మ ఒకటికి ఒకటి కలుపుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పక్కింటి పుణ్యవతికి మాత్రమే చెప్పింది. కూరలు ఉడికేవేళకు ఊరంతా ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉంది.

లారీ ఊళ్లో అడుగుపెట్టింది. టార్పాలిన్ కప్పడానికి పైన వంచిన ఇనుప కమ్మీలున్నాయి. చూసినవాళ్లకు అచ్చం రథం పందిరే. ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి చక్రాలకు పసుపునీళ్లు పోశారు, కమ్మీలకు చీరలు చుట్టారు, హుళహుళి అంటూ గొంతులు కలిపి మోత పెట్టారు. తన లారీ కోసం ఊరింత సంబరపడుతుందని పైడన్న కలలో కూడా అనుకోలేదు. చేతులు జోడించాడు. జోడించిన ఆ చేతులు చూసి ఊరికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఘటం మోసే సోములు వచ్చి, ఘటాన్ని దింపి లారీ మీద పెట్టాడు.

“ఏటి బావా ఇది?” అన్నాడు పైడన్న.

“నువ్వేటీ సెప్పకు. సెప్తే పున్నెం పోద్ది” అన్నాడు సోములు.

“నానేటికెల్లాల.”

“ఎల్దాం. అమ్మోర్ని సాగనంపేది ఏటికే గదా.”

పైడన్న మళ్లీ నోరు తెరిచాడు. తెరిచి, నీలమ్మను చూశాడు. తడిజుట్టుతో అందరికంటే ముందు నిలబడి ఉంది. పెళ్లినాడు కూడా ఆమె ముఖం అంత వెలిగినట్టు అతనికి గుర్తులేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

అమ్మవారికి పొగ తగలకూడదని ఇంజను వెయ్యనివ్వలేదు. మోకులు కట్టి, జాతర సాగినన్నాళ్లూ వీధివీధీ చేతులతో లాగారు. బరంపురం నుంచి వచ్చిన డ్రైవరు మసేను మెడలో బంతిపూల దండతో, చేసే పనేమీ లేక, చక్రం పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రాలు పైడన్న లారీ చూడాలని వెళ్లేవాడు. కొబ్బరికాయల వరసలో వెనక నిలబడితే, వంతు వచ్చేసరికి హారతి అయిపోయేది.

ఆఖరిరోజు అమ్మవారిని అవతలి గట్టుకు చేర్చాలి. ఇసుకలోకి దిగగానే చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. ఊరంతా పట్టినా కదల్లేదు, మోకు తెగింది. పొద్దు వాలుతోంది. అమ్మవారిని ఏటి నడుమ వదిలెయ్యలేరు. ఇక ఇంజను వెయ్యమని సోములే అన్నాడు.

పైడన్న ఎక్కి మసేను పక్కన కూర్చున్నాడు. మసేను పొట్టి గేరొకటి లాగాడు. లారీ ఒళ్లు విదిల్చుకుంది. ముందు చక్రాలు ఇసుకను పట్టాయి, వెనక చక్రాలు పట్టాయి. ఇసుక దాటింది, సన్నటి పాయ దాటింది, పిల్లి గోడెక్కినట్టు గట్టెక్కింది. పన్నెండేళ్లు ఎదురుచూసిన ఆ దారి ఒక చుట్ట కాలేంతసేపు కూడా పట్టలేదు. ఇంకాస్త ఇసుక ఉంటే బాగుండునని పైడన్న అనుకున్నాడు.

దిగి చూస్తే ఊరంతా ఏట్లో సాష్టాంగపడి ఉంది. అంతమంది లాగితే రానిది అమ్మవారే లాక్కుపోయిందని ఒకటే మాట.

“అది కాదమ్మా” అని మసేను పుణ్యవతికి చెప్పబోయాడు. “దీనికి ముందు సక్రాలు గూడా లాగుతాయి. గేరుంటాది.”

“ఆ గేరెవులిచ్చారు?” అంది పుణ్యవతి.

మసేను మెడలోని దండ సర్దుకున్నాడు. క్వారీ కూలీలు కూడా తలపాగాలు విప్పి దండం పెడుతున్నారు. ఇక ఈ లారీ మీద రాయి వేసే చెయ్యి ఆ చుట్టుపక్కల లేదని పైడన్నకు అర్థమైంది. సోములు దగ్గరికి వెళ్లి, అన్నేళ్లలో అతి పెద్ద మాట మాట్లాడాడు.

“బావా, నానిది రాయి మొయ్యడానికి తెచ్చాను.”

సోములు అతని భుజం తట్టాడు. “ఇచ్చినోడు అలగే తగ్గించుకుంతాడు. పెద్ద మనసు నీది.”

తిరిగి వస్తూ నీలమ్మ పైడన్నకు దగ్గరగా నడిచింది. “పాతదని నువ్వంతే నానేటో అనుకున్నాను” అంది తలొంచుకుని.

ఇల్లు కనబడుతుండగా పైడన్న, “ఈయల కూరలో ఉప్పేత్తావా?” అన్నాడు.

మరునాడు తెల్లవారగానే ఎడ్లను కట్టి రాయికి బయలుదేరాడు. ఊరి చివర, జాతర రోజుల్లోనే రథానికని వేసిన కొత్త పాక కింద లారీ ఉంది. దగ్గరికి వెళ్లి, ఎప్పటిలాగే బానెట్టు మీద చెయ్యి వేశాడు; అరచేతికి కుంకుమ అంటింది. అప్పుడు గుర్తొచ్చి వెనక్కి జరిగి, చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. ఎడ్లకు విప్పడానికేమీ లేదు గనుక అవి ఆగలేదు.