ఆరు డ్రమ్ముల తెల్ల నురగ

పొద్దున్నే లేచి హన్మాండ్లు చేసిన మొదటి పని, రాత్రి విందు పట్టీని మరోసారి చదువుకోవడం. మాంసం అన్నానికి దానిమ్మ రసం. నిప్పుల మీద కాల్చిన మాంసానికి నల్లద్రాక్ష. మిఠాయిలకు గులాబీ నీళ్లు కలిపిన నిమ్మరసం. వేరే దేశాల పెళ్లిళ్లలో ఏ వంటకానికి ఏ వైన్ పోయాలా అని తలలు బద్దలు కొట్టుకుంటారట. సౌదీలో ఆ బెడద లేదు, ఉన్నవన్నీ షర్బత్‌లే. అయినా తల బద్దలు కొట్టుకోవడంలో హన్మాండ్లు ఎవరికీ తీసిపోలేదు. నాలుగు రోజులుగా రుచులు చూసీ చూసీ అతనికి అన్నంలో కూడా దానిమ్మ రుచే వస్తోంది.

ఆ పని అతనికి అప్పగించడానికి కారణం అతని ముక్కు. హన్మాండ్లుది జగిత్యాల దగ్గర గీత కార్మికుల ఇల్లు. వాసన చూసి కల్లు ఏ చెట్టుదో చెప్పేవాడు. తొమ్మిదేళ్లు హఫర్ అల్ బాతిన్ లేబర్ క్యాంపులో పనిచేశాక, రెండు నెలల కిందటే అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ సాలెం అతన్ని తాయిఫ్‌లోని తన పెళ్లి హాలుకు తెచ్చి స్టోరు తాళంచెవి చేతిలో పెట్టాడు. ఈ రాత్రి ఆ హాల్లో అబూ సాలెం పెద్దకొడుకు పెళ్లి విందు. మగవాళ్ల వైపే ఎనిమిది వందల మంది.

హన్మాండ్లుకు కావలసింది ఒక్కటే, సెలవు. మూడేళ్లుగా ఎప్పుడడిగినా అబూ సాలెం "నువ్వు పోతే నమ్మకంగా ఎవరు చూస్తారు?" అంటూ దాటేస్తున్నాడు. ఈసారి మాత్రం పెళ్లి సజావుగా జరిగితే చూస్తానన్నాడు. ఊళ్లో కొత్తిల్లు తయారై ఏడాదైంది. రాబోయే బుధవారం గృహప్రవేశ ముహూర్తం. నిన్న భార్య దేవవ్వ ఫోనులో తేల్చి చెప్పింది: "రెండుసార్లు ఆపిన. ఈసారి ఆప. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పాలు పొంగిస్త, నువ్వు ఫోన్ల సూసుకో." ఏం జరిగినా సరే, ఈ విందులో ఒక్క చుక్క కూడా అటూ ఇటూ కాకూడదని హన్మాండ్లు ఒట్టేసుకున్నాడు.

స్టోరు తాళం తీసేసరికి చక్కెర బస్తాల వెనక తనకు తెలియని ఆరు తెల్ల డ్రమ్ములు కనబడ్డాయి. ఒకదాని మూత తిప్పాడు. బుస్సుమంటూ తెల్లటి నురగ పొంగింది. పుల్లటి వాసన గుప్పుమంది.  గదిలో తనతోపాటు ఉండే ప్లంబర్ స్వామిని కేకేశాడు.

"సామీ, దీని వాసన సూడు."

స్వామి ముక్కు పెట్టాడు. మొహం వెలిగిపోయింది. "అన్నా! కల్లు!"

"మెల్లగ మొత్తుకోరా!"

హన్మాండ్లు వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తాటిది కాదు, ఈతదీ కాదు. ఏలకులు, దాల్చినచెక్క తగిలాయి. "సూసినవా, వాసన తెల్వకుంట మసాలాలు ఏసిన్రు. పక్కా దొంగలు! తాళంచెవి నా తాననే ఉంటది. పోలీసులొస్తే ఎవని మెడకు సుట్టుకుంటది? ముందు జైలు, తర్వాత ఫైనల్ ఎగ్జిట్, మల్ల రానియ్యకుంట ఇంటికి పంపుడే."

అప్పుడే డ్రైవర్ రియాజ్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. పాకిస్తానీ. "హన్మాండ్లు భాయ్, వో డ్రమ్ సంభాల్ కే రఖ్‌నా. కల్ షామ్ మైనే లాయా. ఆఫీస్ కీ చాబీ సే రఖా." నిన్న సాయంత్రం తనే తెచ్చి, ఆఫీసులో ఉన్న మరో తాళంచెవితో లోపల పెట్టాడట.

"క్యా హై ఉస్‌మే?"

"షర్బత్ హై."

"సబ్ ఐసేచ్ బోల్తే," అన్నాడు హన్మాండ్లు చేదుగా.

"అరే, బడీ అమ్మా నే ఖుద్ బనాయా! పోతే కీ శాదీ కే లియే."

బడీ అమ్మా అంటే అబూ సాలెం తల్లి; మనవడి పెళ్లికని ఆమే స్వయంగా చేసిందట. డెబ్బై అయిదేళ్ల మనిషి. చేతిలో జపమాల లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. రియాజ్ వెళ్లిపోయాక హన్మాండ్లు డ్రమ్ము మూత బిగించాడు.

"ముసలామెకు ఎవడో నేర్పిండురా, పాపం. తెల్వక చేసింది. ఎనిమిది వందల మంది ముంగట ఇది పోస్తే కఫీల్ ఇజ్జత్ ఉంటదా? ఆయనకే ఇజ్జత్ లేకుంటే నాకు సెలవెక్కడిది? పారబోద్దాం."

"అన్నా, ఒక్క చెంబు..."

"ఒక్క చుక్క ముట్టినవంటే నిన్ను గూడ పారబోస్త."

హాలు వెనక కొండవాలు మీదికి ఒక్కో డ్రమ్మూ దొర్లించి వంచారు. నాలుగోది వంచేసరికి పైనుంచి కొండకోతులు దిగాయి. రాళ్ల మధ్య తీపి మడుగులు నాకి, కిచకిచమంటూ ఎగరసాగాయి.

"సూడు, ఎక్కింది!" అన్నాడు హన్మాండ్లు.

"కోతులు ఎప్పుడు గట్లనే ఎగుర్తయి గదన్నా."

ఎక్కిందో లేదో గానీ, కోతులకు ధైర్యం మాత్రం వచ్చింది. గోడ దూకి వంటింటి వాకిట్లో ఆరబెట్టిన దానిమ్మ బుట్టల మీద పడ్డాయి. మిగిలిన డ్రమ్ములు వంచమని స్వామికి వదిలేసి, హన్మాండ్లు చీపురు పట్టుకుని ఒక దాన్ని తరిమితే, రెండు వచ్చి అతను వదిలిన బుట్టను ఎత్తుకుపోయాయి. వంటవాళ్లు గరిటెలతో వచ్చారు. ఆ గోలకు అబూ సాలెం పరుగెత్తుకొచ్చాడు. వెనకే చేతికర్రతో బడీ అమ్మా, రెండో చేతిలో కొత్త గరిటె. తన డ్రమ్ములు చూసుకోవడానికి వచ్చిందామె.

"డ్రమ్ కిధర్?" అన్నాడు అబూ సాలెం.

హన్మాండ్లు అతని దగ్గరికి వెళ్లి, అంతా పారబోశానని, ఎవరికీ చెప్పనని గొంతు తగ్గించి ధైర్యం చెప్పాడు. "బాబా, టెన్షన్ మత్ లో. సబ్ ఫేంక్ దియా. కిసీకో నై బోల్తా."

 అబూ సాలెం వచ్చిన హిందీలోనే విడమరిచాడు. అది సోబియా. బార్లీ రొట్టె నానబెట్టి, చక్కెర, ఏలకులు వేసి ఒక రోజు ఉంచి వడగట్టే పానీయం. రంజాన్ వస్తే ఈ ప్రాంతంలో పసిపిల్లలు కూడా తాగుతారు. మత్తూ లేదు, గిత్తూ లేదు. హఫర్ అల్ బాతిన్ వైపు హన్మాండ్లు దాన్ని ఎన్నడూ చూడలేదు, అంతే. అమ్మ రెండు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తన చేతులతో పిసికి వడగట్టిందట.

హన్మాండ్లు ఆ చేతులు చూశాడు. వేళ్లు నాని ముడతలు పడి ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సెలవు సంగతి ఆ నిమిషంలో అతనికి గుర్తు కూడా రాలేదు.

"అన్నా," అని స్వామి మెల్లగా గోకాడు. "ఆరోది ఉంది. కోతుల గోలల పంపు రూములో దాచిన. ఊకెనే పారబోస్తే పాపమని..."

హన్మాండ్లు వాణ్ణి కొట్టాలో కౌగిలించుకోవాలో తేల్చుకునే లోపే అతని బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఒక్క డ్రమ్ము, ఎనిమిది వందల మంది. గ్లాసుల్లో పోస్తే నాలుగు వరసలకే అయిపోతుంది. "బాబా, గహ్వా కే ఛోటే కప్ నికాలో," అన్నాడు, అరబ్బీ కాఫీ తాగే బుల్లి కప్పులు చూపిస్తూ.

రాత్రి విందులో దానిమ్మ రసం లేదు, పండ్లన్నీ కోతుల పాలయ్యాయి. పట్టీ చించి పారేసి, అన్నిటికన్నా ముందు హన్మాండ్లే గరిటె పట్టి రెండు గుక్కల కప్పుల్లో సోబియా పోశాడు. అబూ సాలెం ప్రతి వరసలో తిరిగి "మా అమ్మ చేసింది, మనిషికి ఒక్కటే" అని చెప్పాడు. ఒక్కటే అనేసరికి అందరికీ రెండోది కావలసి వచ్చింది. గడ్డాలు నెరసిన పెద్దమనుషులు ఖాళీ కప్పులతో వంటింటి గుమ్మం దాకా వచ్చి బతిమాలారు. హన్మాండ్లు ఎవరికీ లొంగలేదు. అలాంటి సోబియా తాయిఫ్‌లో ఎవరూ తాగలేదని ఊరంతా చెప్పుకున్నారు.

మర్నాడు ఆఫీసుకు పిలుపొచ్చింది. బడీ అమ్మా కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతోంది. అతన్ని చూసి నవ్వి, అరబ్బీలో ఏదో అంది.

"అమ్మా మాఫ్ కర్ దియా. తుమ్హారా ఛుట్టీ పాస్," అన్నాడు అబూ సాలెం. "ఆజ్ హీ టికెట్."

హన్మాండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత బాగా పోసిన్నా, బాబా?" అని తెలుగులోనే అనేసి, మళ్లీ హిందీలో అడిగాడు.

అబూ సాలెం తల్లి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "అగ్లే జుమేరాత్ ఛోటే బేటే కీ శాదీ హై. అమ్మా ఫిర్ సే సోబియా బనాయేగీ. బోల్తీ హై, ఉస్ దిన్ తుమ్ ఇస్ ముల్క్ మే నహీ రహ్నా." వచ్చే గురువారం చిన్నకొడుకు పెళ్లికి ఆమె మళ్లీ సోబియా చేస్తుందట, ఆ రోజు హన్మాండ్లు ఈ దేశంలోనే ఉండకూడదట.

సెలవు కాగితంలో కారణం దగ్గర 'కుటుంబ క్షేమం కోసం' అని రాశారు. ఎవరి కుటుంబమో రాయలేదు.