ధ్రువీకరించడమైనది!

“దాచుకోవడానికి ఏమీ లేని పౌరుడికి దడుచుకోవలసిన పనే లేదు!”

ఈ మహావాక్యం అంతర్జాల పౌరక్షేమ శాఖ మూడో అంతస్తు గోడ మీద అడుగున్నర ఎత్తు అక్షరాలతో ఉంటుంది. సరిగ్గా దాని కిందే కళ్ళజోడు గుమాస్తా బల్ల. ఏడో వార్డు జనం తమ ఫోన్లలో ఏమేం వెతుకుతున్నారో చదవడం ఆయన ఉద్యోగం. పరాయివాళ్ళ సంగతులు చదివే ముందు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో భక్తిగా తుడుచుకుంటాడు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. వచ్చే నెలలో పర్యవేక్షకుడిగా పదోన్నతి రావాలి. ఆ కుర్చీకి చేతులుంటాయి, ఇప్పటి కుర్చీకి లేవు. మరి సామాన్యమైన విషయమా!

శాఖలో ఒక పద్ధతి ఉంది. వార్డులో ఎవరైనా అనుమానించదగ్గది వెతికితే, గుమాస్తా కూడా అదే మాట తన ఆఫీసు కంప్యూటర్లో వెతికి, వచ్చింది చూసి, “ధ్రువీకరించడమైనది” అని ముద్ర వేయాలి. ఏడో వార్డులో ఒకాయన ఎలుకలకు ఏ మందు గట్టిదని వెతికాడు. కళ్ళజోడూ వెతికాడు. ఒకావిడ అత్తగారిని మర్యాదగా ఇంట్లోంచి పంపే మార్గం వెతికింది. కళ్ళజోడు అదీ వెతికాడు, జవాబు రెండుసార్లు చదివాడు, ముద్ర వేశాడు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి వీధి వాళ్ళు చూసుకోకూడదు. అందువల్ల కళ్ళజోడు వీధి పక్కసీటు అమ్మాయి చేతిలో ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి పలకరించింది. “అన్నయ్యగారూ, రాత్రి నిద్ర బాగా పట్టిందా?”

“పట్టిందమ్మా. ఏం?”

“ఏం లేదులెండి. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకుని చూడండి. గురక తగ్గే దారేదైనా ఉందా అని వదినగారు పాపం నాలుగు రోజులుగా వెతుకుతున్నారు.”

మూడో అంతస్తు మొత్తం ఘొల్లుమంది. కళ్ళజోడుకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికి రాగానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నా గురక సంగతి ప్రభుత్వానికి చెప్పుకున్నావటే!”

“నేను ప్రభుత్వానికెక్కడ చెప్పానండీ? ఫోన్లో చూసుకున్నాను. అయినా దాచుకోవడానికేముందని రోజూ లెక్చరు దంచేది మీరేగా!”

“ఊళ్ళోవాళ్ళ సంగతి వేరు, మన సంగతి వేరు!”

“అంటే మనం ఊళ్ళోవాళ్ళం కామా?”

మర్నాడు ఆఫీసులో రెండు ధ్రువీకరణల మధ్య అటూ ఇటూ చూసి, ఆఫీసు కంప్యూటర్లోనే టైపు చేశాడు: “మన ఫోన్లో మనం వెతికేది ప్రభుత్వం కంట పడకుండా ఏం చేయాలి?” ఆఫీసు కంప్యూటర్లు ఏ వార్డులోకీ రావు కనుక వాటి జోలికి ఎవరూ రారని ఆయన ధీమా. జవాబు దొరికింది. తన ఫోనూ భార్య ఫోనూ అలాగే సరిచేసి, హాయిగా వెల్లకిలా పడుకున్నాడు.

నాలుగో రోజు డైరెక్టరుగారి నుంచి పిలుపొచ్చింది. గదిలో ఇద్దరు అధికారులు కాగితాల కట్టలతో నిలబడి ఉన్నారు. పదోన్నతి ఖాయమనుకున్నాడు కళ్ళజోడు.

“వార్డులతో పని లేకుండా అన్ని కంప్యూటర్లనూ గాలించే కొత్త యంత్రం కొంది మన శాఖ. అది ఈ ఊళ్ళో అతి ప్రమాదకరమైన మనిషిని పట్టుకుందయ్యా,” అన్నాడు డైరెక్టరు. “ఎలుకల మందు, అత్తగారిని వదిలించుకోవడం, తాళంచెవి లేకుండా తలుపు తీయడం... మూడు నెలల్లో నాలుగు వందల పన్నెండు!”

“ఎవడండీ ఆ దుర్మార్గుడు?”

“నువ్వే!”

కళ్ళజోడుకు ముచ్చెమటలు పోశాయి. “అయ్యో, అవన్నీ ధ్రువీకరణలండీ! ఏడో వార్డువండీ! మా అత్తగారు పోయి పదేళ్ళయిందండీ!”

అధికారులిద్దరూ కూర్చుని ముద్రలతో సరిచూశారు. గంట పట్టింది. నాలుగు వందల పదకొండు సరిపోయాయి. ఒక్కటి మాత్రం ఏ వార్డులోనూ ఎవరూ వెతికింది కాదు. ఆ కాగితం డైరెక్టరు చేతికిచ్చారు. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు.

“మీరిద్దరూ బయటికి వెళ్ళండి.”

వాళ్ళు వెళ్ళాక ఆయనే లేచి తలుపు గడియ పెట్టాడు. చేతుల కుర్చీ మాట దేవుడెరుగు, చేతుల్లేని కుర్చీ కూడా పోయిందనుకుని కళ్ళజోడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. డైరెక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు.

“దీనికి జవాబు దొరికిందా?”

“దొ... దొరికిందండీ.”

“పనిచేస్తోందా?”

“మూడు రోజుల్నుంచి పక్కసీటు అమ్మాయి నన్నేమీ అడగలేదండీ.”

డైరెక్టరు సొరుగులోంచి ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. కాస్త ఆలోచించి, కోటు లోపలి జేబులోంచి ఇంకోటి తీశాడు. “ముందు దీని సంగతి చూడు. ఇదొకటుందని మా ఆవిడక్కూడా తెలియదు.”

అరగంటలో రెండూ సిద్ధమయ్యాయి. కళ్ళజోడు కళ్ళు తుడుచుకుని, గడియ తీశాడు. బయట ఇందాకటి అధికారులిద్దరూ, వాళ్ళ వెనక మూడో అంతస్తులో సగం మందీ, చేతుల్లో ఫోన్లతో బుద్ధిగా వరుస కట్టి నిలబడ్డారు.

లోపలినుంచి డైరెక్టరు గొంతు గంభీరంగా వినిపించింది.

“పర్యవేక్షకుడుగారూ! ఒక్కొక్కళ్ళనే లోపలికి రమ్మనండి.”