పందొమ్మిది వేల ఐదు వందల డెబ్బై నాలుగో రంపం

ఆగండి, వెళ్లిపోకండి. ఇది విని అప్పుడు వెళ్లండి. వాలిన పనసచెట్టు ఒకటి కోయించడానికి ఎంతసేపు పడుతుందంటారు? కోత మిషనున్న గంగులు లెక్కలో అరగంట. మధ్యలో టీ తాగితే ముప్పావుగంట. వినోద్ లెక్కలో మాత్రం ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ లెక్క ఎలా తేలిందో చెప్పాలంటే ఒక శనివారం పొద్దున్న దగ్గర మొదలుపెట్టాలి.

ఆ పొద్దుటి ప్లాన్ చాలా మామూలుది. వినోద్ విశాఖపట్నంలో పుట్టి, అక్కడే ఇంగ్లీషు మీడియంలో చదివి, అక్కడే కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్లు అనగానే సోంపేట దగ్గర అమ్మమ్మ బుల్లమ్మ ఊరికి లాప్‌టాప్ పట్టుకుని వచ్చేసినవాడు. వారం కిందటి గాలివానకి పెరట్లోని పనసచెట్టు వంటసాల మీదికి ఒరిగింది. పెంకులకీ చెట్టుకీ మధ్య జానెడు ఖాళీ. బుల్లమ్మ వంటసాలలో అడుగుపెట్టడం మానేసి, పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని ఎండలో వండుతోంది. పది గంటలకి గంగులు వస్తాడు, చెట్టు కోస్తాడు, పదకొండింటికి అమ్మమ్మ మళ్లీ తన పొయ్యి ముందు కూర్చుంటుంది. వినోద్ చేయాల్సిందల్లా అటక మీంచి మోకు దింపడం.

మోకు వెనకాల గోనెసంచిలో బరువైనదేదో తగిలింది. విప్పి చూస్తే పాత మోటారు రంపం. తాత కూర్మయ్యది. చైను లేదు, చైను తిరిగే పొడవాటి ఇనుప బ్లేడు లేదు, రంగు ఏనాడో పోయింది, కంపెనీ పేరున్న రేకు ఊడిపోయి రెండు కన్నాలు మిగిలాయి. కానీ ఆ ఇనుప మొండేన్ని ఒళ్లో పెట్టుకున్న క్షణాన వినోద్‌కి ఏదో అయింది. అంతకుముందు అతనికి ఇలాంటివి రెండుసార్లు అయ్యాయి, ఒకసారి గిటారుతో, ఒకసారి పుట్టగొడుగుల పెంపకంతో. ఆ అనుభవం నుంచి అతనేమైనా నేర్చుకున్నాడా అంటే, లేదు.

గంగులు మిషను భుజాన వేసుకుని వచ్చేసరికి వినోద్ గుమ్మంలోనే అడ్డుపడ్డాడు. గంగులు వరసకి మేనమామ, ముక్కుసూటి మనిషి. తాత చెట్టుని తాత రంపంతోనే కోస్తానని వినోద్ ప్రకటిస్తే అతను ఆ తుప్పుముద్దని తిప్పి తిప్పి చూశాడు.

"అల్లుడా, ఇది పుట్టినప్పటికి నేను పుట్టలేదు. దీనికి పళ్లూ లేవు, నాలికా లేదు. ఏటితో కోస్తావు?"

"రెండు రోజులు మావా. బాగుచేయించేస్తాను."

"సరే. రెండ్రోజులు పోయాక నువ్వే పిలుస్తావు. అప్పుడు నేను రాను" అని గంగులు టీ తాగి వెళ్లిపోయాడు. బుల్లమ్మ పొగలో కళ్లు తుడుచుకుంటూ మనవడి వైపు చూసింది. ఆ చూపుని ఆశీర్వాదం కింద లెక్కేసుకున్నాడు వినోద్.

బాగుచేయాలంటే ముందు అది ఏ మోడలో తెలియాలి. కిరసనాయిలుతో రుద్దగా రుద్దగా ఇంజను పక్కన సన్నటి చుక్కలతో కొట్టిన నంబరు ఒకటి బయటపడింది: 19574. పాత మోటారు రంపాల పిచ్చివాళ్లంతా చేరిన గ్రూపు ఒకటి ఆన్‌లైన్లో ఉంటే అందులో ఫొటోలు పెట్టాడు. అంకెల మధ్య కనిపిస్తున్న రెండు చుక్కలు తుప్పు మచ్చలని, పట్టించుకోవద్దని తనే కింద రాశాడు. ఆ వాక్యం తర్వాత అతన్ని చాలా రోజులు పట్టించుకుంది.

గంటలో ప్రపంచం రెండు ముక్కలైంది. అలాంటి రంపాలకి నంబర్లు మిషను మీద కొడతారు, ఇది చేతితో చుక్కచుక్కా కొట్టారు కాబట్టి కంపెనీ పరీక్ష కోసం చేసుకున్న తొలి రంపాల్లో ఒకటని నార్వేలో ఉండే పెద్దాయన ఒకరు తేల్చాడు. ఆయన అరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడట. కాదు, ఏదో సైన్యం కోసం విడిగా చేయించిన రకమని కెనడా నుంచి ఇంకొకాయన వాదించాడు. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కటే, ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదని. మూడో రోజుకి దానికి 'శ్రీకాకుళం మోడల్' అని పేరు కూడా పెట్టేశారు. వినోద్ ఛాతీ ఎంత పొంగిందంటే, ఆఫీసు మీటింగులో మేనేజరు ఇంకేమైనా విషయాలున్నాయా అని అడిగితే ఈ సంగతే చెప్పాడు.

ఇక పార్టుల వేట మొదలైంది. సోంపేటలో పురుగుమందు కొట్టే మిషన్లూ పడవ ఇంజన్లూ బాగుచేసే నాగబాబు రంపాన్ని బల్ల మీద పెట్టి, ఇంజను గుర్రంలా ఉందని, లోపలి రబ్బర్లే పోయాయని చెప్పాడు. కార్బురేటర్లోని పల్చటి రబ్బరు పొరని మందు కొట్టే మిషను పొర నుంచి కత్తిరించాడు. ప్లగ్గు ఒక పాత మోపెడ్‌ది సరిపోయింది. లాగి స్టార్టు చేసే తాడు బారువ వెళ్లి వలల తాడు తెచ్చి కట్టారు. బ్లేడు మాత్రం ఎదురింటి అసిరమ్మ దగ్గర దొరికింది. ఇరవై ఏళ్లుగా అది ఆవిడ కోళ్లగూటికి గడియ. ఊరికే ఇవ్వనంది. గూటికి కొత్త తలుపు చేయించి ఇస్తే, పాత తలుపుకి అలవాటుపడ్డ కోళ్లు కొత్త తలుపులోంచి లోపలికి వెళ్లబోమన్నాయి. 'శ్రీకాకుళం మోడల్' యజమాని మూడు సాయంత్రాలు వీధిలో కోళ్లు తోలాడు.

మిగిలింది చైను. రంపంలో చైనుని తిప్పే పళ్లచక్రం మీద ఇప్పటి చైన్లు కూర్చోవు, లంకెల కొలత వేరు. శ్రీకాకుళం, విజయనగరం, ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. లేదు. పళ్లచక్రం మార్చేసి కొత్త చైను వేసుకుంటే రేపే చెట్టు కోయొచ్చని నాగబాబు అన్నాడు. వినోద్‌కి తన గుండెకాయ మార్చుకోమన్నట్టు అనిపించింది.

"అన్నా, ఒరిజినాలిటీ పోతుంది."

"తమ్ముడూ, మీ అమ్మమ్మ ఎండలో వండతన్నాది. ఆవిడ కూడా ఒరిజినలే" అన్నాడు నాగబాబు.

ఆ మాట తగలాల్సిన చోట తగల్లేదు. వేరే దెబ్బ మాత్రం ఆ మర్నాడే తగిలింది. బుల్లమ్మ చింతపండుతో ఇత్తడి బిందె తోమి గట్టు మీద బోర్లించింది. పక్కన కూర్చుని ఫోన్లో చైన్లు వెతుకుతున్న వినోద్ యథాలాపంగా అటు చూశాడు. బిందె మెడ మీద అవే సన్నటి చుక్కలతో, అదే వంకర రాతలో, 19.5.74.

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ రంపాల కంపెనీ బిందెలు కూడా చేసేదా అనుకున్నాడు.

"అమ్మమ్మా, ఈ నంబరు ఏంటి?"

"నంబరేట్రా, మా పెళ్లి. సారె సామానంతటికీ మా అయ్య పేర్లు కొట్టే మనిషిని కూకోబెట్టి తారీకు కొట్టించినాడు. బిందె, గంగాళం, పళ్లేలు, ఆ రంపం. అందరి అల్లుళ్లకీ సైకిళ్లు ఇస్తే మా అయ్య రంపం ఇచ్చినాడు, పర్లాకిమిడి కలప డిపోలో పనిసేసినాడు గదా. మీ తాత ఆర్నెల్లు మా అయ్యతో మాటాడలేదు."

వినోద్ వెళ్లి రంపం చూసుకున్నాడు. తుప్పు మచ్చలు రెండూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. గ్రూపు తెరిచాడు. నార్వే పెద్దాయన ఆ నంబరు ఆధారంగా నాలుగు పేజీల వ్యాసం రాసి పెట్టాడు. కింద మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. అది తన తాత పెళ్లి తేదీ అని టైపు చేసి, చెరిపేసి, బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఫోను పక్కన పడేశాడు.

ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. ఆదివారం సాయంత్రానికి తీరం దాటుతుందని టీవీలో చెప్పారు. బుల్లమ్మ ఆదివారం పొద్దున్నే వంటసాలలోంచి పచ్చడి జాడీలూ బియ్యం డబ్బా ఒక్కొక్కటే బయటికి మోసుకోవడం మొదలుపెట్టింది. ఆ వంటసాల కూర్మయ్య తన చేత్తో కట్టింది. గోడ మీద ఆయన వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. ఆవిడ చివరి జాడీ పట్టుకుని గుమ్మంలో కాసేపు ఆగి, ఆ గోడని చెంగుతో ఒకసారి తుడిచింది. అప్పుడు తగిలింది వినోద్‌కి. పరుగెత్తుకెళ్లి గంగులు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

రానన్న గంగులు వచ్చాడు. అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ వినోద్ ఈ ఇరవై మూడు రోజుల్లో చెట్లు కోసే వీడియోలు నూట పదో ఎన్నో చూశాడు కదా. ఛాతీ ఎత్తులో చెట్టు చుట్టూ ఉబ్బెత్తుగా ఒక వలయం ఉంటే అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. గంగులుకి అది నచ్చలేదు, కిందన కోద్దామన్నాడు. వినోద్ ఒప్పుకోలేదు. చెక్క బలహీనంగా ఉండేది అక్కడేనని, అక్కడ కోస్తే బరువు పెరడు వైపు తిరుగుతుందని కాగితం మీద బాణాలు గీసి చూపించాడు.

"నీ సెట్టు, నీ ఇష్టం" అని గంగులు మిషను స్టార్టు చేశాడు.

మిషను రొదలో, చేతులు కట్టుకుని నిలబడ్డ వినోద్‌కి మనసులో ఇంకా ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అందరినీ అడిగాడు గానీ అమ్మమ్మని అడగలేదు. చెవి దగ్గరికి వంగి, తాత రంపం చైను ఏమైందో గుర్తుందా అని అడిగాడు.

"గుర్తులేకపోడమేటి. పనసకాయలు దొంగలెత్తుకుపోతన్నారని, ఎవడూ ఎక్కకుండా, పళ్లు పైకెట్టి ఈ సెట్టుకే సుట్టి మేకులు కొట్టేసినాడు. సెట్టు పెరిగి మింగేసింది."

"ఎక్కడ చుట్టాడు?"

"అదిగో, నువ్వు గీత గీసినావు సూడు, అక్కడే."

ఆ తర్వాతి చప్పుడుని అక్షరాల్లో పెట్టడం కష్టం. ఇనుము ఇనుముని కరిచింది. గంగులు చైను తెగి ఎగిరింది, అతను ఉలిక్కిపడి వెనక్కి దూకాడు, చేతిలోంచి జారిన మిషను తిన్నగా రుబ్బురోలు మీద పడి పగిలింది. మనిషికి గీత కూడా పడలేదు, అదొక్కటే అదృష్టం. చెట్టు ఓ పక్క నుంచి మూడోవంతు తెగి, కిర్రుమని మూలిగి, ఉన్న జానెడులో ఇంకో రెండు వేళ్లు వంటసాల వైపు ఒరిగింది. గాలి లేచింది.

గంగులు పగిలిన మిషనునీ వినోద్‌నీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు కంటే తిడితే బాగుండేదనిపించింది. చుట్టుపక్కల మిషన్లున్న వాళ్లంతా తీరం వైపు పనులకి పోయారు. ఊళ్లో పనిచేసే స్థితిలో ఉన్న ఇంజను ఒక్కటే. దానికి చైను లేదు.

వినోద్ నాగబాబుకి ఫోన్ చేసి, ఒరిజినాలిటీ పోయినా పర్వాలేదన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"పళ్లసెక్రం పోయిన సోమారమే సేసి ఉంచినాను తమ్ముడూ. నువ్వెప్పుడు దిగొస్తావా అని సూస్తన్నాను" అన్నాడు నాగబాబు. బైకు మీద అరగంటలో వచ్చి, పాత చక్రం విప్పి కొత్తది బిగించి, గంగులు సంచిలో ఉన్న స్పేరు చైను ఎక్కించాడు. గంగులు తాడు లాగాడు. ఆరోసారికి కూర్మయ్య రంపం నల్లటి పొగ ఒకటి వదిలి, ఊరంతా వినపడేలా గర్జించింది. వీధి అవతల అసిరమ్మ కోళ్లు ఎవరూ తోలకుండానే గూట్లోకి వెళ్లిపోయాయి.

ఈసారి గీతలు లేవు, బాణాలు లేవు. గంగులు ఉబ్బుకి మూరెడు కిందన కోశాడు. వినోద్ మోకు పట్టుకుని లాగాడు, నాగబాబూ లాగాడు. చెట్టు పెరటి వైపు తిరిగి, మూడు రాళ్ల పొయ్యి మీద పడింది. వంటసాలలో ఒక్క పెంకు కదల్లేదు. ఆ సాయంత్రం బయట గాలి ఊళ పెడుతుంటే బుల్లమ్మ కూర్మయ్య కట్టిన గోడకి వీపు ఆనించి, తన పొయ్యి మీద పనసపొట్టు కూర వండింది. అందరూ అక్కడే కూర్చుని తిన్నారు. గంగులు రెండోసారి వడ్డించుకుని, ఒక్క మాట మాత్రం అన్నాడు.

"మిషను మీ సెట్టు తినేసింది పిన్నీ. రేపటి నుంచి నేనేటి తినాల?"

బుల్లమ్మ మనవడి వైపు చూడనైనా చూడలేదు. "అదిగో, రంపం ఉన్నాది గదా. నీది బాగయ్యే వరకూ అట్టుకెళ్లు" అంది.

గాలివానకి పడ్డ చెట్లు లెక్కలేనన్ని. రెండు వారాలుగా 'శ్రీకాకుళం మోడల్' కంచిలి నుంచి కవిటి దాకా జీడితోటల్లో పొద్దస్తమానం కోస్తోంది. గంగులు తన మిషను బాగైనా దీన్ని వదిలేలా లేడు. ప్రపంచంలో ఇంకెవరూ చూడని రంపం వెనకాల, ఆఫీసు పని అయ్యాక, పెట్రోలు డబ్బా మోసేది వినోద్. పాత చైను మింగిన మొద్దుని బుల్లమ్మ మంచినీళ్ల బిందె కింద పీటలా వేసుకుంది.

నిన్న నార్వే పెద్దాయన ఉత్తరం వచ్చింది. వచ్చే సోమవారం పలాసలో రైలు దిగుతున్నాడట. దయచేసి స్టార్టు చేయొద్దు, ఒక్క బోల్టు కూడా మార్చొద్దు, ఒరిజినల్ చైను దొరికిందా, భద్రంగా ఉందా అని అడిగాడు. చాలా భద్రంగా ఉందని వినోద్ జవాబు రాశాడు. ఈ వ్యవహారం మొదలయ్యాక అతను ఆయనకి రాసిన ఒకే ఒక్క నిజం అది.

ఇక మీరే చెప్పండి. వినోద్ చోట మీరుంటే, సోమవారం స్టేషనుకి రంపం పట్టుకెళ్తారా, బిందె పట్టుకెళ్తారా?