జక్రయ్య మాస్టారి సన్మాన పత్రం

శుక్రవారం పొద్దున్నే జక్రయ్య మాస్టారు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నం హెడ్మాస్టరు బుల్లయ్య గారి రిటైర్మెంటు సభ. దానికి సన్మాన పత్రం రాయాలి, అది విని షాహిస్తా టీచరు మొహం మాడిపోవాలి.

సత్తెనపల్లి దగ్గరి ఆ హైస్కూల్లో జక్రయ్య చెప్పేది లెక్కలే అయినా, ఇరవై ఏళ్లుగా ఏ సభకైనా పత్రం రాసి చదివేది ఆయనే. నిరుడు తెలుగు టీచరుగా షాహిస్తా వచ్చింది. ఆవిడ క్లాసు పిల్లల వ్యాసాలు చూసిన తనిఖీ అధికారి, వాక్యాలు చేతులు పట్టుకుని నడుస్తున్నాయని మెచ్చుకున్నాడు. జక్రయ్య వాక్యాల గురించి ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. అప్పట్నుంచి ఆయనకు కంట్లో మిరప గింజ పడ్డట్టే ఉంది.

రహస్యమంతా ఆవిడ క్లాసు గోడకున్న చార్టులో ఉందని ఆయన అనుమానం. వాక్యాన్ని వాక్యంతో కలిపే మాటలు అందులో వరసగా రాసి ఉన్నాయి. ఎవరూ రాకముందే వెళ్లి దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఏ మాట ఎక్కడ వాడాలో కింద సన్నటి అక్షరాల్లో ఉంది గానీ, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాడు. కలపడానికేగా, ఏదైతేనేం అనుకున్నాడు. ఆవిడకన్నా ఘనంగా ఉండాలని పొడుగాటి మాటలే ఏరి, దొరికిన చోటల్లా తగిలించాడు.

సభలో గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"బుల్లయ్య గారు ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పారు. అయినప్పటికీ పిల్లలు పాసయ్యారు. దురదృష్టవశాత్తూ ఆయన ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. ఎట్టకేలకు ఈరోజు రిటైరవుతున్నారు. తత్ఫలితంగా మనమంతా సంతోషంగా ఇక్కడ సమావేశమయ్యాం."

వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. మెచ్చుకుంటున్నారనుకుని జక్రయ్య 'దురదృష్టవశాత్తూ'ను ఇంకోసారి ఒత్తి చదివాడు. షాహిస్తా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసింది. ఏడుస్తోందని ఆయనకు మహదానందమైంది. ఆ ఆనందంలో పక్కకు చూస్తే బుల్లయ్య గారి మొహం కళ్లంలో ఎండబోసిన మిరపకాయల్లా ఉంది.

"ఎవరు రాశారిది?" అన్నాడు బుల్లయ్య.

జక్రయ్యకు అప్పుడు వెలిగింది. "షాహిస్తా టీచరండీ. నేను చదివానంతే."

షాహిస్తా లేచి, తను రాయలేదని చెప్పింది. అప్పుడు బుల్లయ్య గారి భార్య ప్రేమమ్మ నింపాదిగా అంది: "ఎవరు రాస్తేనేం, నిజమే రాశారు. రేపట్నుంచి ఈయన రోజంతా ఇంట్లోనే. దురదృష్టవశాత్తూ."

ముందు నవ్వింది బుల్లయ్యే. ఆ తర్వాత హాలు ఆగలేదు. తన సర్వీసులో ఇలాంటి సభలు నలభై చూశాననీ, నిద్ర రానిది ఇదొక్కటేననీ చెప్పి, తనకు కప్పిన శాలువా తీసి షాహిస్తాను స్టేజీ మీదికి పిలిచాడు. ఆవిడ మళ్లీ చెప్పింది, తను రాయలేదని. ఎంత వినయమో అంటూ అందరూ చప్పట్లు కొట్టారు.

జక్రయ్య ఇక ఉండబట్టలేకపోయాడు. "రాసింది నేనండీ," అన్నాడు.

బుల్లయ్య ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఒకరి కష్టాన్ని మనదనకూడదు మాస్టారూ. అదిగో, ఆవిడ శాలువా కొస జారుతోంది, కాస్త పట్టుకోండి."

మర్నాడు పేపర్లో షాహిస్తా ఫొటో పడింది. ఫొటో అంచున, శాలువా కొస పట్టుకుని మణికట్టు వరకు జక్రయ్య కూడా ఉన్నాడు.