చప్పుడు లేకుండా రమ్మన్నారు

శుక్రవారం నమాజు కాగానే బయలుదేరి, చీకటి పడేలోగా ఎవరి కంటా పడకుండా తిరిగి వచ్చేయాలన్నది బయూమీ పథకం. పక్క ఊరి హాజీ గునైమీ పంపిన కబురు అలాంటిది మరి. "అబ్బాయిని ఒంటరిగా, చప్పుడు లేకుండా రమ్మనండి. నచ్చితే ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకుందాం. లేదంటే టీ తాగి వెళ్ళిపోతాడు. మూడో మనిషికి తెలియకూడదు." ఫాతిహా చదవకముందే సంబంధం సంగతి పొక్కితే దిష్టి తగులుతుందని ఆ నైలు డెల్టా ఊళ్ళలో అందరికీ భయమే. బయూమీకి ఇంకాస్త ఎక్కువ. టీకాల కేంద్రంలో పనిచేసే హాజీగారమ్మాయి నవారాను తప్ప ఇంకెవరినీ చేసుకోనని అతను ఇంట్లో తెగేసి చెప్పాడు. హాజీకేమో కారు లేని మగాడంటే చిన్నచూపు.

మైక్రోబస్సు ఎక్కితే, తను దిగేలోపే డ్రైవర్ సాబిర్ ఊరంతా చాటేస్తాడు. అందుకని సైకిలు మీద, దమన్‌హూర్ వెళ్ళే పెద్దరోడ్డున పోదామనుకున్నాడు.

"ఆ రోడ్డు మీద సైకిలా? లారీవాడి కంటికి నువ్వు ఆనుతావట్రా?" అంది తల్లి సనియ్య, గుండె మీద చెయ్యేసుకుని. ఆనేలా చేసే పని కూడా తనే చేసింది. కూతురి పెళ్ళికారుకు కట్టగా మిగిలిన సరంజామా అంతా పెట్టెలోంచి తీసి, హ్యాండిలుకు వెండి రిబ్బన్లు, బుట్టకు ఎర్ర కాగితపు పువ్వులు కట్టింది. చక్రంలో చిక్కుకోకుండా వెనక సీటుకు ఎత్తుగా తెల్లటి వలగుడ్డ ముడేసింది. "దార్లో ఒక్కటి విప్పావంటే నా మీద ఒట్టే," అంది. బయూమీ అలాగే సైకిలెక్కాడు.

రోడ్డెక్కగానే అతని ప్రాణాలు గుప్పిట్లోకి వచ్చాయి. ఇసుక లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలి సైకిలును ముందు బయటికి తోసి, వెంటనే లారీ చక్రాల వైపు లాగింది. ఎదురుగా తప్పుదారిలో ఆటో వస్తోంది. అంచున కంకర, అవతల కాలువ. బయూమీ తెల్లగీతను పట్టుకుని తనకు తెలిసిన దువాలన్నీ చదవసాగాడు.

అంతలో వెనకనుంచి హారన్. అది తప్పుకోమనే హారన్ కాదు, పెళ్ళి ఊరేగింపుల్లో కొట్టే దరువు. ఎవరిదో పెళ్ళి బృందం కాబోలనుకుని అంచుకి జరిగి, దాటి వెళ్ళమని చెయ్యూపాడు. ఎవరూ దాటలేదు. దరువు మాత్రం రెట్టింపయింది. ఉల్లిపాయల లారీ ఒకటి పక్కకు వచ్చి, దాని డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం పెళ్ళికొడుకా, నీ వెనక మనుషులే లేరా?"

"నేను పెళ్ళికొడుకును కాదన్నా. నీకు పుణ్యముంటుంది, ముందుకెళ్ళిపో."

"సిగ్గుపడకు తమ్ముడూ. నీకు మేమున్నాం."

లారీ అతని వెనక్కి చేరి, లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ రోడ్డుకు అడ్డంగా కాపు కాసింది. దాని వెనక సిమెంటు బండి, కోళ్ళ వ్యాను చేరి దరువందుకున్నాయి. నిజానికి ఆ రోడ్డు మీద ఏ సైకిలుకూ అంత రక్షణ దొరికి ఉండదు. బయూమీకి మాత్రం ఆగితే లారీ కింద పడతానని భయం, ఆగకపోతే హాజీ ముందు పడతానని భయం.

ఇవి చాలనట్టు సాబిర్ మైక్రోబస్సు కూడా వచ్చింది. "మాకు చెప్పకుండా పెళ్ళా బయూమీ?"

"పళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నాను."

"పన్ను పీకించుకోడానికి ఇంత సింగారమా?" అన్నాడు సాబిర్. బస్సంతా గొల్లుమంది.

హాజీ ఊరి మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళు మేడల మీదికెక్కి నాలుకలు ఆడిస్తూ జగ్రూతలనే పెళ్ళి కేకలు వేశారు. వాకిట్లో నిలబడ్డ హాజీ మొహం బీట్‌రూట్‌లా కందిపోయింది.

"చప్పుడు లేకుండా రమ్మన్నాను కదయ్యా."

"సైకిలు చప్పుడు చెయ్యదనే కదా దాని మీద వచ్చాను బాబాయ్," అన్నాడు బయూమీ. నవారా చేజారిపోయిందని తెలుస్తూనే ఉంది. కనీసం ఆ పిల్ల పరువైనా దక్కాలని జనం వైపు తిరిగాడు. "అయ్యలారా, ఇక్కడ పెళ్ళేమీ..."

హాజీ అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "నోరు ముయ్యి. ఇంత ఊరేగింపు వచ్చి వాకిట్లోంచి వెనక్కి పోయిందంటే, రేపటినుంచి నా కూతురి గురించి ఎన్ని కథలల్లుతారో తెలుసా? నిన్ను టీ ఇచ్చి పంపేద్దామనే ఉన్నాను. ఇక నా చేతుల్లో ఏముంది? చెయ్యి చాపు." అక్కడే, హారన్ల మధ్యే ఫాతిహా చదివారు. ఫాతిహా అయ్యాక వచ్చినవాళ్ళందరికీ షర్బత్తు పంచాలి. హాజీ లోపలికి తిరిగి, "అమ్మా నవారా, ఉన్నపళంగా షర్బత్తు కలపగలవా? జనం చాలామందే ఉన్నారు," అని కేకేశాడు.

"పొద్దున్నే కలిపి ఉంచాను నాన్నా," అంది నవారా లోపలినుంచి.

రెండు నెలల తర్వాత జరిగిన అసలు పెళ్ళికి బయూమీ వెంట ఒకే ఒక్క కారు రావడంతో, దాన్ని పెళ్ళిగా ఒప్పుకోవడానికి ఆ ఊరివాళ్ళకు చాలాకాలం పట్టింది.