మనవాళ్ళు ఏ రంగు?

ఆట చూడబోతున్నారా? దాని రూల్స్ మీకు తెలుసా? తెలిస్తే దయచేసి చూడకండి. మీ మేలు కోరి చెబుతున్నాను.

టీవీ ముందు మీరు ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు, వెనక నుంచి వచ్చి "మనవాళ్ళు ఏ రంగు?" అని అడిగే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మీరు పళ్ళు నూరతారు. తప్పండీ, మహా తప్పు! ఆ మనిషి మీ ఇంటి అదృష్టం. ఆటను ఆటగా చూసి సంతోషించే శక్తి ఈ కాలంలో వాళ్ళ ఒక్కరికే మిగిలింది. వాళ్ళకి కలలో కూడా రూల్స్ నేర్పకండి.

మా ఇంట్లో ఆ మనిషి మా అత్తగారు. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసి రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. హాల్లో టీవీకి ఎదురుగా ఉన్న చేతుల కుర్చీ ఆవిడది. అంతకుముందు అది నాది. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఆవిడ ఆట చూసే తీరే వేరు. ఫుట్‌బాల్ పెడితే ముందు రెండు జట్ల మొహాలూ శ్రద్ధగా చూసి, ఎవరు బక్కగా ఉంటే వాళ్ళ పక్షం చేరిపోయేవారు. "ఆ నీలం చొక్కాల పిల్లలు సరిగ్గా తిన్నట్టు లేరు బాబూ, వాళ్ళే గెలవాలి" అనేవారు. తీరా ఎర్రచొక్కా వాడు గోల్ కొట్టినా చప్పట్లే! "పాపం, ఇందాకట్నుంచి ఎంత పరిగెత్తాడో!"

ఒక్కసారి లెక్క వేసుకోండి. మ్యాచ్ మూడు, రెండు గోల్స్‌తో ముగిసిందనుకుందాం. నా జట్టే గెలిచినా నాకు మూడు సంతోషాలు, రెండు ఏడుపులు. ఖర్చులు పోను మిగిలేది ఒకటి. ఆవిడకి ఐదుకి ఐదూ సంతోషాలే! ఎవరు తెలివైనవాళ్ళు?

ఎవడైనా మోకాలు పట్టుకుని గడ్డిలో దొర్లాడంటే కుర్చీలోంచి సగం లేచిపోయేవారు. "అయ్యయ్యో, ఎముక విరిగిపోయింది! వాళ్ళమ్మ కూడా చూస్తోందో ఏమో!" కాసేపటికి వాడు లేచి లేడిపిల్లలా గంతులేసేవాడు. "లేచాడు! లేచాడు!" నాకు అది పచ్చి నటన. ఆవిడకి అది అద్భుతం. ఒక్కో మ్యాచ్‌లో అలాంటి అద్భుతాలు ఎన్ని!

బాక్సింగ్ వస్తే, "వీళ్ళిద్దరికీ ఎక్కడ చెడింది?" అని అడిగేవారు. చివర్లో వాళ్ళు కావలించుకుంటే కళ్ళు తుడుచుకునేవారు. "మధ్యలో ఆ తెల్లచొక్కా ఆయన ఎంత సర్దిచెప్పాడో చూశారా!" ఆ తెల్లచొక్కా ఆయన రిఫరీ. గోల్ఫ్ చూసినప్పుడైతే ఆవిడ మనసు కలచివేసినట్టయ్యేది. "పెద్దాయన బంతి పారేసుకున్నట్టున్నాడు. అంతమంది వెంటపడి నడుస్తున్నారు గానీ ఒక్కరూ వెతికిపెట్టరేం?"

ఇంత సుఖంగా ఉన్న మనిషిని అలా ఉండనివ్వచ్చు కదా? నాలాంటి మేధావికి అది చేతకాదు. పేపర్లో కాలమ్ రాసేవాడి ఇంట్లో ఇంత అజ్ఞానమా! ఒక ఆదివారం మధ్యాహ్నం గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్తాను, వినండి" అన్నాను.

పక్కన ఇస్త్రీ చేసుకుంటున్న మా ఆవిడ తలెత్తింది. "ఏవండీ, అమ్మ హాస్టల్ వార్డెన్‌గా చేసిన మనిషి. ఆవిడ చేతికి రూల్స్ ఇవ్వకండి" అంది.

నవ్వేశాను.

"బంతి కన్నా ముందుకెళ్ళి నిలబడితే ఆఫ్‌సైడ్ అండీ" అన్నాను.

"బంతి తన్నినప్పుడా, వీడికి అందినప్పుడా?"

"అందినప్పుడు."

"మరి ఇందాక ఆ పొట్టివాడు ముందే ఉన్నాడుగా, ఈల వెయ్యలేదేం?"

నాకు హఠాత్తుగా బాత్రూమ్‌కి వెళ్ళాల్సిన అవసరం కలిగింది. అక్కడ ఫోన్లో చూస్తే తన్నినప్పుడట! పైగా వెనకున్న డిఫెండర్లను కూడా లెక్కలోకి తీసుకోవాలట! ఆఫీసు క్యాంటీన్లో ఇంతకాలం ఎంతమందికి ఎలా వివరించి పంపానో తలుచుకోకపోవడమే మంచిది.

టెన్నిస్ పాఠం కూడా అలాగే నడిచింది. సున్నాని 'లవ్' అంటారని చెప్పగానే, "ఏమీ లేకపోవడాన్నా? పెళ్ళైనవాడెవడో పెట్టుంటాడు" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. పదిహేను, ముప్పై తర్వాత నలభై ఐదు కాకుండా నలభై ఎందుకొచ్చిందని నిలదీశారు. "అది సంప్రదాయం అండీ" అన్నాను. తమ హాస్టల్లో కూడా తప్పు చేసి దొరికిన ప్రతి పిల్లా ఇదే మాట చెప్పేదని ఆవిడ అన్నారు.

ఆపైన నా పాఠాలు ఆవిడకి ఆనలేదు. మా అమ్మాయి కాలేజీ జట్టులో వాలీబాల్ ఆడుతుంది. దాని చేత అన్ని ఆటల రూల్సూ ఫోన్లోకి దింపించుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, పొద్దున కాఫీతో పాటు చదవడం మొదలుపెట్టారు.

ఇక చూడండి, మా ఇంటి శోభ! కిందపడి దొర్లే కుర్రాడిని చూసి, "లేవవోయ్, నటించకు. ఎల్లో కార్డు ఇవ్వాలి వీడికి" అంటున్నారు. త్రో వేసేవాడి మొహం చూడరు, కాలి మడమ చూస్తారు. "కాలు లేచింది! రిఫరీ ఏం చేస్తున్నాడు?" అద్భుతాలు ఆగిపోయాయి. నీలం చొక్కాల పిల్లలు తిన్నారా, పస్తున్నారా అనే చింతే లేదు. మందుల షాపు దగ్గర క్యూలో ముందుకు జరిగిన పెద్దమనిషిని "ఆఫ్‌సైడ్!" అని వెనక్కి పంపారు. ఆయన ఎందుకో తెలియకపోయినా భయపడి వెళ్ళాడు.

చూశారా పాఠకులారా? జ్ఞానం ఎంత ప్రమాదకరమో! అసలు ప్రమాదం ఇంకా చెప్పనేలేదు.

కాలేజీల మధ్య వాలీబాల్ ఫైనల్. ఇంటిల్లిపాదీ వెళ్ళి నెట్‌కి దగ్గరగా కూర్చున్నాం. చివరి సెట్. ఇంకొక్క పాయింటొస్తే కప్పు మా అమ్మాయి జట్టుది. అవతలి జట్టులో తాటిచెట్టంత పిల్ల ఎగిరి బంతిని బాదింది. మా అమ్మాయి చేతులు పైకెత్తి అడ్డుకోబోయింది. బంతి దాన్ని దాటుకుని ఎక్కడో గోడ దగ్గర పడింది. ఔట్! రిఫరీ ఈల వేసి మావైపు చెయ్యి చూపించాడు. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. నేను కుర్చీ ఎక్కి ఈల వేస్తున్నాను.

"తగిలింది!"

మైకు లేకుండా మూడో అంతస్తు పిల్లల్ని నిద్రలేపిన గొంతు అది. హాలంతా మావైపు తిరిగింది.

"మా మనవరాలి వేళ్ళకి తగిలాకే బయటికెళ్ళింది. కుడిచేతి చిటికెనవేలు. పాయింటు వాళ్ళది!"

"అత్తయ్యగారూ, కూర్చోండి!" అన్నాను, నేనెక్కిన కుర్చీ దిగుతూ.

"ఎందుకు కూర్చోవాలి? తగిలింది కదా?"

ప్రేక్షకుల మాట రిఫరీ వినక్కర్లేదు. ఆ రూల్ నాకు కచ్చితంగా తెలుసు. ఆయనా విననట్టే మొహం తిప్పుకోబోయి, ఎందుకో మా అమ్మాయి వైపు చూశాడు. అది కుడిచేతి చిటికెనవేలిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఒకసారి జట్టు వైపు చూసింది. ఒకసారి అమ్మమ్మ వైపు చూసింది. మెల్లగా చెయ్యెత్తింది.

"తగిలింది సార్."

పాయింటు పోయింది. ఆ ఊపులో తర్వాతి రెండూ పోయాయి. కప్పు తాటిచెట్టు చేతికి వెళ్ళింది.

కారులో మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడుస్తోంది. చాలాసేపటికి, "నిన్నెవరు అడిగారు అమ్మమ్మా?" అంది.

"ఎవరూ అడగలేదు. అడక్కపోతే తగలనట్టా?"

అది నావైపు తిరిగి, "అమ్మమ్మకి రూల్స్ నేర్పింది నువ్వే కదా నాన్నా?" అంది. నా తరఫున మాట్లాడుతుందేమో అని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ రోడ్డు మీద దృష్టి పెట్టి చాలా జాగ్రత్తగా కారు నడుపుతోంది.

ఇల్లు శ్మశానంలా తయారైంది. అమ్మమ్మా మనవరాలూ ఎదురుపడితే ఒకరు వంటింట్లోకి, ఒకరు గదిలోకి. టీవీ మూగబోయింది. అత్తగారు కుర్చీలో కూర్చుని నల్లటి తెరనే చూస్తుండేవారు. నేర్పినంత సులువుగా మరిపించే ఉపాయం ఉంటే బాగుండునని నాకు అనిపించింది. రూల్స్ మనుషుల్ని విడదీస్తాయని ఒక గంభీరమైన వ్యాసం కూడా మొదలుపెట్టాను.

అది పూర్తికాలేదు. ఒక సాయంత్రం మా అమ్మాయి ప్రాక్టీసు నుంచి వచ్చి, సంచీ కింద పడేసి, తిన్నగా అమ్మమ్మ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది.

"అమ్మమ్మా, లైను దగ్గర నిలబడ్డ వాళ్ళకే కనపడలేదు. నీకెలా కనపడింది? చిటికెనవేలని కూడా ఎలా తెలిసింది?"

"నేను బంతిని చూడలేదే. నిన్నే చూస్తున్నాను. నీ వేలు వెనక్కి వంగింది."

మా అమ్మాయి తన చిటికెనవేలి వైపు చూసుకుంది.

"నొప్పెట్టిందా?" అన్నారావిడ.

"చాలా."

"ఏదీ, చూపించు."

చూపించింది. ఆ వేలు ఇంకా వాచే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ నేను గమనించలేదు. మ్యాచ్‌లో నేను స్కోరు చూస్తున్నాను లెండి.

రాజీ కుదిరింది, శుభం అంటారా? తొందరపడకండి! అసలు ఘోరం ఇప్పుడే మొదలైంది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ జట్టు. పక్కపక్కన కూర్చుని పాత మ్యాచ్‌లన్నీ పెట్టుకుంటారు. ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, "అదిగో, కాలు లైను మీదుంది!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి, పొట్ట పట్టుకుని నవ్వుతారు. కోచ్ కబురుపెడితే అత్తగారు ప్రాక్టీసుకి కూడా వెళ్తున్నారు. ఆవిడ బెంచీ మీద ఉంటే పిల్లలెవరూ తప్పు దాచలేరట. రూల్స్ తెలిశాక ఆవిడ సంతోషం ఆవిరైపోతుందని కదా నా సిద్ధాంతం? ఆవిడకి మునుపటికన్నా ఆకలి పెరిగింది. రంగు కూడా వచ్చారు.

నేను నోరు తెరిస్తే చాలు, "నాన్నా, అది ఫౌల్ కాదు, నువ్వుండు" అంటుంది మా అమ్మాయి. "పోనీలేవే, మీ నాన్నకి నిదానంగా చెబుదాం" అంటారు అత్తగారు. చెబుతారు కూడా! చేతులు కట్టుకుని వినాలి. తర్వాత ప్రశ్నలు వేస్తారు.

కాబట్టి మళ్ళీ మనవి చేస్తున్నాను, ఎవరికీ రూల్స్ నేర్పకండి. అందరికీ అన్నీ తెలిసిపోతే, వివరించేవాడి బతుకేం కావాలి?

మొన్న వాళ్ళిద్దరూ ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు ఛానెళ్ళు మారుస్తుంటే ఒక వింత ఆట కనపడింది. మంచు మీద ఒకాయన గుండ్రటి బండరాయిని తోస్తాడు. దాని ముందు ఇద్దరు చీపుర్లతో వంగి వంగి ఊడుస్తారు. నాకు ఆట పేరు కూడా తెలియదు. మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకండీ ఊడుస్తున్నారు?"

ఎన్నాళ్ళయింది, నన్నొకరు ఇలా అడిగి!

"దుమ్ముంటే పెనాల్టీ" అన్నాను గంభీరంగా. "ఊడ్చేవాడు రాయిని చూడకూడదు. చూస్తే చీపురు లాగేసుకుంటారు. అందుకే వంగి ఉంటారు."

"అలాగా! మరి అరుస్తున్నారెందుకు?"

"అది రాయికి మర్యాదగా దారి ఇవ్వమని. నాలుగో ఓవర్ దాకా అరవచ్చు. తర్వాత నిషేధం."

ఆవిడ తలూపుతూ వింటోంది. నేను చెబుతూనే ఉన్నాను. అబ్బ, ఆట చూడటంలో ఎంత ఆనందముందండీ!

ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అత్తగారు హాల్లోకి తొంగిచూశారు.

"ఏదో కొత్త ఆటలా ఉందే బాబూ?"

"ఆట కాదండీ, చీపుర్ల ప్రకటన" అని ఛానెల్ మార్చేశాను.