పులుపు నిర్మూలన శాఖ

ఒక పెద్ద అడవిలో కొత్త కార్యవర్గం ఎన్నికై నెల తిరక్కముందే అధ్యక్షుడికి రొప్పు వచ్చింది. అధ్యక్షుడంటే అడవిదున్న భూషణం గారు. రేచుకుక్కలు వెంటపడితే గుట్టదాకా పరుగెత్తి, అక్కడ ఎగరొప్పుతూ నిలబడిపోయారు.

వైద్యురాలు ముళ్లపంది కంటకేశ్వరి వచ్చి చూసింది.

"ఏం కాలేదండీ. పరుగెత్తితే రక్తంలో పులుపు పెరుగుతుంది. కొంత రక్తమే అణచిపెడుతుంది, కొంత ఊపిరితో బయటికి పోతుంది, మిగిలింది మూత్రపిండాలు నిదానంగా తోసేస్తాయి. కాసేపు కూర్చోండి చాలు."

భూషణం గారికి అందులో ఒక్క మాటే వినబడింది.

"నా రక్తంలో పులుపా!"

కార్యదర్శి ముంగిస చురకయ్య అందుకున్నాడు. "మీ హయాంలో పులుపేమిటి సార్! ఊపిరితో పోతుందని డాక్టరమ్మే అంటున్నారుగా. అందరం పొద్దున్నించే రొప్పితే అసలు లేకుండా పోతుంది."

"అసలు లేకపోతే ఎలా బాబూ? కొంచెం ఉండాలి. ఎంత ఉండాలో ఒంటికే తెలుసు," అంది కంటకేశ్వరి.

"అన్నీ ఒంటికే తెలిస్తే మనం ఎందుకు ఎన్నికైనట్టు?" అన్నాడు చురకయ్య.

ఆ ప్రశ్నతోనే కార్యవర్గం తీర్మానం చేసేసింది. పులుపు నిర్మూలన శాఖ వెలిసింది. కుందేళ్లు వరసలో నిలబడి రొప్పాయి. మరీ తాపీగా ఊపిరి తీస్తోందని తాబేలును సంజాయిషీ అడిగారు. కంటకేశ్వరి రాసిచ్చిన అభ్యంతరం 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువైంది.

శాఖ లాంఛన ప్రారంభోత్సవం నాడు భూషణం గారు వేదికెక్కి అందరికంటే జోరుగా రొప్పారు. ఈలలు పడేకొద్దీ జోరు పెంచారు. ఇంతలో పెదాలు తిమ్మిరెక్కాయి. కళ్లు తిరిగాయి. కాళ్లు కొంకర్లుపోయి ఉన్నచోటే కూలబడ్డారు.

"పులుపు తిరగబడింది! ఇంకా గట్టిగా రొప్పండి సార్!" అని అరిచాడు చురకయ్య.

కంటకేశ్వరి పరుగున వచ్చింది. ఆ ముళ్లు చూసి అందరూ దారిచ్చారు.

"మాట్లాడకండి. నాతోపాటు మెల్లగా పీల్చండి... ఆగండి... ఇప్పుడు వదలండి. రొప్పి రొప్పి ఉండాల్సిన పులుపు కూడా పోగొట్టుకున్నారండీ. అందుకే ఈ తిప్పలు."

కాసేపటికి ఆయన కాళ్లు సాగాయి. కంటకేశ్వరి మనసు కుదుటపడింది. ఇవాళ్టితో శాఖ మూసేస్తారనుకుంది.

చురకయ్య గొంతు సవరించుకున్నాడు. "విన్నారుగా! పులుపు పోయిందని డాక్టరమ్మే చెప్పారు. పథకం నూటికి నూరుపాళ్లు విజయవంతం! రేపట్నుంచి పులుపు పునరుద్ధరణ శాఖ. అందరూ ఊపిరి బిగబట్టాలి."

భూషణం గారు కూలబడ్డచోటి నుంచే డెక్క ఎత్తి ఆమోదించారు.

ఇందులో నీతి ఏదైనా ఉంటే అది ఇదే: దానంతటదే సాగే పనికి శాఖ పెడితే, పని ఆగొచ్చు గానీ శాఖ ఆగదు.